ఒక్క చేప ఎక్కువ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. నేను పెంచి చెబుతాను. మా ఆవిడ మిడిల్ పాయింట్ బజారు దాకా వెళ్లి కొత్తిమీర తెచ్చిందంటే, నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి ఆవిడ అడవి దాటి, ఉప్పుటేరు ఈది, మొసలిని బతిమాలి తెచ్చినట్టవుతుంది. ఇది జబ్బని ఆవిడ అంటుంది. నేను పని చేసే డెలానీపూర్ ఆఫీసులో నా సెలవు చీటీలు చదివే పై అధికారి కూడా అదే అంటాడు. కాబట్టి ఈ రాసేదాంట్లోంచి మీరు వాక్యానికో గరిటెడు తీసేసి చదువుకోండి. మొత్తంగా కల్పించింది ఏదో మాత్రం చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మావ పోయి కొన్నాళ్లయింది. ఆయన గురించి రాయాలన్న ఆలోచన నాకు లేదు. మొన్న మా అమ్మాయికి పరీక్షలో మార్కులు తగ్గాయి. తండ్రులు చేసే పనే నేనూ చేశాను. మేడ మీద వాటాలో ఉండే పిల్లను చూపించి, ఆ అమ్మాయిని చూడు, అని మొదలుపెట్టాను. మా పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "పాపా, కంపేర్ మత్ కరో, పోలికలొద్దు. నేను నేనే, ఆ పిల్ల ఆ పిల్లే," అంది. ఈ కాలం పిల్లలు సరిగ్గా మాట్లాడినప్పుడు మనకు చేసేదేమీ ఉండదు. నోరు మూసుకుని వరండాలోకి వచ్చాను. వచ్చి నిలబడగానే ఎదురుగా మావ ఉన్నట్టే అనిపించింది. ఎడమ చెయ్యి కనుబొమల మీద గొడుగులా పెట్టుకుని, మెడ కొంగలా చాచి, ఎవరి వైపో చూస్తూ.

ఆయన ఎప్పుడూ అలాగే ఎవరి వైపో చూస్తూ ఉండేవాడు. ఈ ద్వీపంలో, మిన్నీ బే ఒడ్డున మా వీధంతటికీ ఆయన మావే. శ్రీకాకుళం ఒడ్డు నుంచి పడుచు వయసులో ఓడెక్కి వచ్చి, ఇక్కడ డింగీ మీద వేట చేసుకుని బతికిన మనిషి. డింగీ అంటే ఇంజను బిగించిన చిన్న చెక్క పడవ. మనిషి తాటిచెట్టంత పొడుగు. గరిటె తీయండి, నాకంటే నాలుగు వేళ్లు పొట్టి. కాని ఎదుటివాణ్ణి చూడ్డానికి మునివేళ్ల మీద లేచినప్పుడు మాత్రం నిజంగానే తాటిచెట్టు.

"ఆడెంతలో ఉన్నాడు?" ఇది ఆయన మాట. పొద్దున్న కళ్లు తెరిచీ తెరవకముందే అత్తను అడిగే మాట ఇదే. ఆ ఆడెవడంటే ఎదురింటాయన. నేను బాబాయి అని పిలిచేవాణ్ణి. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. ఆ ఓడలో ముందు వాంతి చేసుకున్నది ఎవరన్న విషయం మీద వాళ్లిద్దరికీ ఉన్న తగువు, నేను పుట్టకముందు మొదలై మొన్నటి దాకా నడిచింది. మావ లెక్క ప్రకారం బాబాయి రేవు దాటకుండానే మొదలుపెట్టాడు. బాబాయి లెక్క ప్రకారం మావ ఓడను చూడగానే.

ఎదురింట్లో కుక్కర్ కూత వేస్తే మావ పొయ్యి దగ్గరికి వెళ్లి మన గిన్నె ఎంత వరకు వచ్చిందని అడిగేవాడు. పెళ్లి భోజనంలో తన ఆకు కంటే ముందు పక్క ఆకు చూసేవాడు. ఎదురింటి పిల్ల పదో తరగతి పాసయిందని తెలిసిన సాయంత్రం తన కూతుర్ని కూర్చోబెట్టి, నువ్వు ఆ పైది చదవాలి, అన్నాడు. ఆ పైది అంటే ఏమిటో ఆయనకు తెలీదు. ఆ కూతురే ఇప్పుడు మెయిన్‌ల్యాండ్‌లో కాలేజీలో పాఠాలు చెబుతోంది.

ఇదంతా ఈర్ష్య అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకుని, మా ఆఫీసులో ఆయన్ను అనుకరించి టీలు తాగాను. కాని గంగమ్మకు మొక్కు తీర్చిన రోజున ఆయన వెనకే నిలబడ్డాను కాబట్టి నా చెవులతో విన్నాను. కళ్లు మూసుకుని, చేతిలో కొబ్బరికాయతో, "తల్లీ, ఆడికిచ్చినంతా నాకియ్యి. పైన ఒక్క చేప," అన్నాడు. అంతే. రెండు కూడా కాదు.

దణ్ణం అయ్యాక నేను ఊరుకోలేక, బాబాయికి కాస్త తగ్గించమని కూడా అడక్కపోయావా మావా, అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి కొబ్బరికాయ దానంతట అదే పగలాలి.

"ఆడు తగ్గితే నానెక్కడికెక్కాల? నువ్వు సదువుకున్నోడివి, నీకు తెల్దా? ఆడ్ని సల్లగుంచాల ముందు."

అలాగే ఉంచాడు కూడా. బాబాయి ఇంజను చెడిపోయిన రోజుల్లో మావ కూడా వేటకు వెళ్లలేదు. ఇంజనును తన భుజం మీదే మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాడు. ఎదుటివాడు నీళ్లమీద లేకపోతే ఆయనకు సముద్రం ఖాళీగా కనిపించేది.

నాకూ ఒక సలహా ఇచ్చాడు. నేను రాసే నవ్వుల కబుర్లు ఎవరో చదివి వినిపిస్తే ఆసాంతం విన్నాడు. విని, "బాగుంది బాబూ. గాని నీ కంటే పెద్ద అబద్ధాలు రాసీవోడు ఎవుడూ లేడా? ఆడ్ని సూసి రాయి," అన్నాడు. నాకు దొరికిన సాహిత్య సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. వేట నుంచి వచ్చినవాణ్ణి ఎంత పడింది అని అడగరు. అడిగితే దిష్టి. అడిగినా చెప్పడు, చెబితే అంతకంటే దిష్టి. మరి తెలిసేదెలా? ఒడ్డుకు వస్తున్న డింగీ నీళ్లలో ఎంత మునిగి ఉందో చూస్తారు. అంచు బాగా పైకి తేలుతూ వస్తే బుట్టలు ఖాళీ. అంచుకూ నీళ్లకూ మధ్య జానెడే ఉంటే ఆ ఇంట్లో ఆ పూట వంజరం పులుసు. చూసినవాడు తనలో తాను గుటక వేసి ఊరుకుంటాడు గాని పైకి అనడు.

బాబాయి డింగీ ఎప్పుడు చూసినా లోతుగా వచ్చేది. ఎంత లోతుగా అంటే, నా మాటల్లో చెప్పాలంటే, దూరం నుంచి చూస్తే మనిషి ఒక్కడే నీళ్లమీద కూర్చుని వస్తున్నట్టుండేది. మావ తన డింగీలోంచి చెయ్యి అడ్డం పెట్టుకుని అది చూసేవాడు. తెల్లారి ఒడ్డున చేపలు కొందామని నిలబడ్డ మాకు కళ్లెదుటే జరిగేది. మావ పడవ తేలుతూ వస్తోంది, ఇల్లు కనిపిస్తోంది, అత్త బుట్ట పట్టుకుని నిలబడింది. అంత దగ్గరికి వచ్చినవాడు ఇంజను తిప్పేసి మళ్లీ బయటికి వెళ్లిపోయేవాడు. ఇంకొక్క వల. ఆయన తిరిగొచ్చేసరికి బాబాయి చేపలు ఆటోలో మిడిల్ పాయింట్ చేరిపోయేవి. డింగీ కడిగి బోర్లించి ఉండేది. ఆ వెనక్కి తిరగడాల మీదే మావ ఇల్లు లేచింది, కూతురి చదువు సాగింది. మా ఒడ్డున ఆయనంత దూరం పోయి వేసేవాడు లేడని అందరూ ఒప్పుకున్నారు. బాబాయి కూడా.

కిందటి వానాకాలం ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. మంచి పిల్ల, హిందీలో తేనె పోసేది. నానాజీ, ఎవర్నీ చూడొద్దు, నిన్నటి మీ కంటే ఇవాళ్టి మీరు బాగుంటే చాలు, అని కాలు పట్టుకుని లేపబోయేది. మావ కాలు బిగించుకునేవాడు. ఆ పిల్ల మాట ఆయనకు అర్థం కాక కాదు. ఆమె వెళ్లాక నాతో అన్నాడు.

"నిన్నటి నాను మంచం మీదున్నాడు. ఇయ్యాల్టి నాను మంచం మీదున్నాడు. ఇద్దరెదవల్నీ పోటీకెడితే ఎవుడు లెగుస్తాడు బాబూ?"

డాక్టరు అత్తతో దాచకుండానే చెప్పాడట. ఇప్పుడు లేచి నడిస్తే నడిచినట్టు, ఇంకొన్నాళ్లు ఇలాగే పడుకుంటే ఆ కాలు ఇక మనది కాదు. అత్త ఆ మాట మావకు చెప్పలేదు. ఎదురింటికి వెళ్లి బాబాయికి చెప్పి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్న బాబాయి తన వరండాలోకి చేతికర్ర పట్టుకుని వచ్చాడు. కుడికాలు ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఈయనకు కూడా వచ్చిందా అని పరుగెత్తుకుంటూ వెళితే, కన్ను గీటి, నోరు మూసుకో అని సైగ చేశాడు. మావ మంచం కిటికీ పక్కనే ఉంది. అందులోంచి ఎదురు వరండా అంతా కనిపిస్తుంది.

సాయంత్రానికి మావ అత్తను పిలిచి అడిగాడు. "ఆడెంతలో ఉన్నాడు?"

స్తంభం దాకా, అంది అత్త. ఆమెకు తెలుసో తెలీదో నాకు ఈనాటికీ తెలీదు.

అక్కడినుంచి మావ కుదుటపడసాగాడు. బాబాయి స్తంభం దాకా వెళితే ఈయన గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. బాబాయి మెట్టు దిగితే ఈయనకు ఆ పూట అన్నం సయించలేదు. కసరత్తు పిల్ల తన వైద్యం పనిచేస్తోందని మురిసిపోయింది. మేము ఆమె మురిపెం చెడగొట్టలేదు. బాబాయి ఎప్పుడూ ఒక్క అడుగే ముందుండేవాడు, ఈయన కంటికి ఆనేటంత. వానలు వెలిసే వేళకు మావ కర్రతో తన ఇంటి గేటు దాకా వచ్చి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే గట్టు, గట్టు దిగితే నీళ్లు. నీళ్లలో కాలు పెడతానని అత్తతో పందెం కూడా వేశాడు.

అంతా బాగా జరుగుతున్నప్పుడే మంచివాళ్లకు నిజం చెప్పాలనిపిస్తుంది. నాకు ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. బాబాయికి వచ్చింది. ఒక మధ్యాహ్నం మావ వరండాలో ముగ్గురం కూర్చున్నాం. బాబాయి గ్లాసులో టీ చల్లారిపోయింది. అప్పుడు నేల చూస్తూ చెప్పాడు.

"అన్నా. నా డింగీ లోతుగా వచ్చీది సూసీ కదా, నువ్వు ఎనక్కి తిరిగీవోడివి?"

"మరి?"

"అది సేప బరువు కాదు. అడుగున సెక్కలు కారీవి. సగం నీళ్లే."

మావ ఎన్నాళ్లని అడిగాడు. ఆ డింగీ ఉన్నన్నాళ్లూ, అన్నాడు బాబాయి. తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయాడు. మొదట సిగ్గుపడి చెప్పలేదట. చేపలు తక్కువ, నీళ్లు ఎక్కువ అని ఏ మగాడు చెప్పుకుంటాడు. ఎవరూ అడగలేదు, మా వాళ్లు అడగరు. తర్వాత బాగు చేయిద్దామనుకుంటే, మావ వెనక్కి తిరగడం మానేస్తాడేమో అనిపించిందట. ఒడ్డున అందరూ ఫైబర్ పడవలకు మారినా తను మాత్రం ఆ కారే చెక్కనే నడిపాడు, వచ్చే దారంతా నీళ్లు తోడుకుంటూ. ఇప్పుడు ఈ కాలు చూస్తే తన నీళ్లే ఇతణ్ణి అంతంత దూరం తిప్పి పడగొట్టాయని, రాత్రి నిద్ర పట్టడం లేదని.

మావ అత్తను కర్ర ఇమ్మని, లేచి లోపలికి వెళ్లిపోయాడు. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాడు.

చాలా రోజులు ఇటు తిరగలేదు. కసరత్తు పిల్ల వచ్చి వెళ్లిపోయేది. అత్త వీధిలోకి వచ్చి బాబాయిని నిలబెట్టి అడిగింది. "అన్నాళ్లు పడవలో నీళ్లు మోసినోడివి, కడుపులో ఒక్క మాట మొయ్యలేకపోయావా తమ్ముడూ?" బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వంచిన తల చూసి నాకు పెంచడానికి ఏమీ తోచలేదు.

నాకు చేతనైన వైద్యం నేనూ చేశాను. మంచం పక్కన కూర్చుని, నీ కథ విని పక్క ద్వీపాల్లో వాళ్లంతా తమ పడవలకు చిల్లులు పెట్టించుకుంటున్నారట మావా, అన్నాను. నవ్వలేదు.

"నువ్వూ నీళ్లే పోస్తన్నావు. ఎల్లు నాయినా," అన్నాడు గోడతో. నేను గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి ఇంకో మాట వినిపించింది. "మరి నాను ఎవుడితో పోటీ పడ్డట్టు?"

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

బాబాయి మాత్రం ఒక పని మానలేదు. రోజూ పొద్దున్న తన వరండాలో కర్ర పట్టుకుని నడిచాడు. చూసేవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, పడవ బండారం బయటపడింది, ఇక ఎవరి కోసం ఈ నాటకం అని నేనే కసిరాను. ఆయన నా మాట విననట్టే నడిచాడు. కర్ర చప్పుడు రోడ్డు దాటి కిటికీలోంచి లోపలికి వెళ్లేది. టక్కు, ఈడ్పు. టక్కు, ఈడ్పు.

ఒకరోజు మావ అత్తచేత బాబాయికి కబురంపాడు. నేనూ వెనకే వెళ్లాను, పిలవని చోటికి వెళ్లడం నాకు అలవాటే. మావ గోడవైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. గడ్డం తెల్లగా మాసి, కళ్లు మాత్రం పాత కళ్లు. బాబాయి గుమ్మంలో నిలబడి కర్ర మార్చుకున్నాడు. మావ ఆయన మొహం చూడలేదు, కాలు చూశాడు.

"ఆ కుంటు కూడా నీళ్లేనా?"

బాబాయి లుంగీ మోకాలి పైకి ఎత్తాడు. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది. ఇక్కడ గరిటె తీయకండి. వయసు మళ్లిన మనిషి నెలల తరబడి ఒక కాలు ఈడుస్తూ, ఒళ్లంతా రెండో కాలి మీద వేసి మెట్లెక్కి దిగుతూ, రోజూ కుంటు నటిస్తే ఏమవుతుందో అదే అయింది.

"మొదట నీళ్లే అన్నా. ఇప్పుడు సేపే."

మావ ఆ మోకాలి వైపు చాలాసేపు చూశాడు. ఏదీ నడువు, అన్నాడు. బాబాయి ఆ చిన్న గదిలో మంచం దగ్గర నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి మంచానికి నడిచాడు. నొప్పికి పళ్లు బిగించడం నాకు కనిపించింది.

"సీ. ఎదవ నడక," అన్నాడు మావ. "నాను ఇంతకంటే బాగా నడుస్తాను. ఏమే, కర్ర ఏదీ?"

ఇద్దరూ బయలుదేరారు. నేను వెనక, అత్త నా వెనక. వరండా, మెట్టు, వాకిలి. గేటు దగ్గర మావ ఆగి రొప్పుతూ, ఎదురింటి పక్కన బోర్లించి ఉన్న పాత డింగీని చూశాడు. దాని అడుగు చెక్కల మధ్య సందుల్లోంచి గడ్డి మొలిచి ఉంది. అప్పుడన్న మాట నాకు ప్రతి అక్షరం గుర్తుంది.

"నీ పడవలో నీళ్లయితే ఏటి? ఎనక్కి తిరిగింది నాను కదా. నా పడవలో పడ్డది సేపే."

గేటు తీసుకుని, రోడ్డు దాటి, గట్టు దిగి, ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు వాలి నీళ్ల దాకా వెళ్లారు. మావ చెప్పు విడిచి కుడికాలు ముందు పెట్టాడు. అల వచ్చి దాన్ని తడిపింది. బాబాయి కాలి కంటే ఒక్క వేలు ముందుకు పెట్టాడాయన. అటు తిరిగి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం చూశాడు.

తర్వాత కొద్ది రోజులకే పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి ఇవ్వలేదు.

అస్థికలు కలపడానికి డింగీలో వెళ్లాం. నేను దారి పొడుగునా వాంతులు చేసుకుని సముద్రం మట్టం పెంచాను. ఒడ్డు సన్నగీతలా అయ్యాక, నడిపే ఆయన ఇంజను ఆపి, ఇక్కడ కలిపేద్దామా అన్నాడు. కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడికి నానూ వచ్చీవోడ్ని. ఇంకొంచెం ముందుకి పోనీ."

పోనిచ్చారు. ఎక్కడ ఆపాలో బాబాయే చెప్పాడు.

ఇంతవరకు రాసి మా అమ్మాయికి చదివి వినిపించాను. దానికి తెలుగు మాట్లాడ్డం వచ్చు గాని చదవడం రాదు. ఫోన్ పక్కన పెట్టి విన్నది, అది నాకు పెద్ద సన్మానం. అయిపోయాక, "పాపా, తాత నీళ్ల దాకా ఎప్పుడెళ్లాడు? ఆ రోజు నేను గేటు దగ్గరే ఉన్నా కదా," అంది.

ఉంది. నిజమే. మాట ఇచ్చాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. కారే పడవ నిజం. వాచిన మోకాలు నిజం, సముద్రంలో బాబాయి అన్న మాట నిజం. గేటు దగ్గర మావ అన్నదీ ఆయన మాటే. అది అన్నాక గేటు పట్టుకుని తీయబోయాడు, గడియ ఎత్తలేకపోయాడు. ఇవాళ్టికి చాల్లే, రేపు సూద్దాం, అన్నాడు బాబాయి. ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆ రేపు రాలేదు.

గేటు నుంచి నీళ్ల దాకా ఉన్న దూరం ఒక్కటే నేను కల్పించి రాసింది. ఎక్కువేం కాదు. ఉన్నదాని మీద ఒక్క చేప.